మూత పెట్టిన బావి

ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి మా వంటింట్లో నల్లా తిప్పగానే మొదటి రెండు చెంబుల నీళ్లు మురిగిన గుడ్డు వాసన వేస్తున్నాయి. శంషాబాద్‌లో నాలుగో అంతస్తులో కిరాయి ఇల్లు మాది. వాచ్‌మన్‌ను అడిగితే ఓనర్‌ను అడగమంటాడు, ఓనర్ ఫోన్ ఎత్తడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు కోపం వస్తుంది. ఆ వాసనా నేనూ పాత పరిచయస్తులం. దాన్ని అడ్డం పెట్టుకుని మా అమ్మను ఎన్నెన్ని మాటలన్నారో నేను మరిచిపోలేదు.

తొండుపల్లిలో మా పెంకుటింటి వాకిట్లో చేదబావి ఉండేది. తెల్లారకముందే గిరక కిర్రుమనేది, బొక్కెన నీళ్లను తాకిన చప్పుడు అడుగు నుంచి గుండ్రంగా పైకి వచ్చేది, ఆ చప్పుడుకే నాకు మెలకువయ్యేది. ఎండాకాలం ఆ నీళ్లు రంజన్ కుండలో పోసి పైన తడిగుడ్డ చుడితే, మధ్యాహ్నం బడి నుంచి వచ్చి తాగిన మొదటి గ్లాసు గొంతులోంచి దిగుతుంటే పళ్లు జివ్వుమనేవి. బావి గద్దె మీద సుద్దముక్కతో గళ్లు గీసుకుని చింతగింజలతో అష్టాచెమ్మ ఆడేవాళ్లం. గింజ బావిలో పడితే ఓడినట్టే. మేం బాపు అని పిలిచే నాన్నను కన్న తల్లి, మా నాయనమ్మ, శుక్రవారం శుక్రవారం ఆ గద్దెకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఊదుబత్తులు గుచ్చి మొక్కేది. నేను పుట్టిన ఇరవై ఒకటో రోజున అమ్మ చేత ఆ బావికే పూజ చేయించి, మొదటి బొక్కెన తోడించారట. బాలింత బావికి మొక్కితేనే పిల్లకు పాలు కరువుండవని మా వైపు నమ్మకం.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వచ్చి విమానాలు మా తలల మీదుగా దిగడం మొదలైనప్పుడు నేను రెండో తరగతి. మొదట్లో అన్నం చేతులతోనే పరుగెత్తి వాకిట్లోకి వచ్చి చూసేవాళ్లం. నెల తిరిగేసరికి తలెత్తడం మానేశాం. చుట్టూ బోర్లు పడ్డాయి, మా బావి ఆ ఎండాకాలమే అడుగంటింది. బాపు సేద్యం వదిలి ప్లాట్లు చూపించే పనిలో పడ్డాడు, తెల్లచొక్కాలు కుట్టించుకున్నాడు, పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు లేపాడు. అప్పుడు అమ్మ తమ్ముడిని కనడానికి పుట్టింట్లో ఉంది, నేనూ తన వెంటే ఉన్నాను. తిరిగి వచ్చేసరికి బావి ఉన్న చోట సిమెంటు మూత ఉంది, దానికి ఇరవై అడుగుల దూరంలో బోరు, మిద్దె మీద నల్లటి ట్యాంకు, ఇంట్లో మూడు నల్లాలు, మా ఇంటికి మొదటిసారి లెట్రిన్.

"బావి ఏమాయె?" అని అడిగింది అమ్మ.

"పూడ్పిచ్చిన," అన్నాడు బాపు. నాయనమ్మ మాత్రం ఆ సిమెంటు మూతకే శుక్రవారాలు పసుపు రాయడం కొనసాగించింది.

వానలు పడ్డాక నీళ్లు వాసన రావడం మొదలైంది. ముందు పసిగట్టింది అమ్మే, ఎందుకంటే అంట్లు తోమేది, బట్టలు పిండేది, బియ్యం కడిగేది ఆమే. చెబితే బాపు, "ట్యాంకు కడిగి ఎన్ని దినాలైంది?" అన్నాడు. బాలింత నడుముతో అమ్మ నిచ్చెన ఎక్కి, ట్యాంకులో దిగి, కొబ్బరిపీచుతో రుద్ది, బ్లీచింగ్ పొడి చల్లి కడిగింది. రెండు రోజులు బ్లీచింగ్ వాసన, మూడో రోజు మళ్లీ అదే కంపు. పైపులో బల్లి చచ్చిందేమోనని ప్లంబర్‌ను పిలిచి పైపులు ఊడదీయించారు, బల్లి దొరకలేదు. విమానాల నూనె భూమిలోకి దిగుతోందని పక్కింటి పెద్దమనిషి ఒకడు తేల్చాడు. వడపోతకు గుడ్డ కట్టారు, పటిక తిప్పారు. బాపు మాత్రం ఏ వెతుకులాటలోనూ పాలుపంచుకోలేదు. తేలు కుట్టిన దొంగ అనే మాట నాకు అప్పుడు తెలియదు.

అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అంటారు కదా, మా ఇంట్లో నీళ్లు కూడా కోడలి చేతిలోనే చెడ్డాయి. "నీ చెయ్యి శుద్ధిలేదు, గందుకే నీళ్లు గిట్ల కంపు గొడుతున్నయి," అనేది నాయనమ్మ, వచ్చినవాళ్లందరి ముందూ. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకుని జరిగి కూర్చున్న రోజు, నేనూ ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. ఆమె అన్నం కలిపి పెడుతుంటే ముద్ద నోట్లోకి తీసుకునే ముందు ఆ చేతిని వాసన చూశాను. అమ్మ అది గమనించింది.

బోనాలు వచ్చాయి. ప్రతి ఏడూ అమ్మే కొత్త కుండకు సున్నం బొట్లు, పసుపు పెట్టి, బెల్లమన్నం వండి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించుకుని ఎత్తుకునేది. నేను కొంగు పట్టుకుని డప్పుల వెంట నడిచేదాన్ని. ఆ ఏడు అమ్మ స్నానం చేసి, తల ఆరబోసుకుని వచ్చి కుండ మీద చెయ్యి వేయబోతుంటే నాయనమ్మ అడ్డం వచ్చింది.

"నువ్వు ముట్టకు. ఈసారి నా బిడ్డ ఎత్తుకుంటది."

మా మేనత్త బోనం ఎత్తుకుని పోయింది. అమ్మ గడపలో నిలబడి చూసింది. బాపు తెల్లచొక్కా వేసుకుని డప్పుల ముందు నడిచాడు. అతను ఒక్క మాట అంటే చాలు, ఆ కుండ అమ్మ తలమీదికి వచ్చేది. ఆ మాట అనలేదు.

తర్వాత కాముని పున్నమ, అంటే హోలీ, వచ్చింది. మేము ఆడగా మిగిలిన ఆకుపచ్చ రంగు పొట్లాలు అరడజను అరలో ఉన్నాయి. మర్నాడు అమ్మ వాటన్నింటినీ లెట్రిన్‌లో పోసి, బకెట్ల మీద బకెట్లు నీళ్లు కుమ్మరించింది. నేను ఎందుకని అడిగితే, "ఊకో" అంది. నాలుగో రోజు బాపు తెల్లచొక్కాలు ఏడూ ఒకేసారి ఉతికి, బోరు నీళ్లలో జాడించి దండెం మీద ఆరేసింది. ఎండకు ఆరేకొద్దీ తేలింది రంగు. ఏడు చొక్కాలూ లేత పచ్చగా ఉన్నాయి.

బాపు వచ్చి అరవబోయాడు. అమ్మ అడ్డుకుంది.

"రంగు నేను లెట్రిన్ల పోసిన. నల్లాల వచ్చింది. ఆ పైపు యాడికి పోతుంది, జర చెప్పు."

బాపు ఒక చొక్కా అంచు చేతిలోకి తీసుకుని, దాన్నే చూస్తూ చెప్పాడు. "లెట్రిన్ గుంత తవ్వుతుంటే రాయి పడ్డది. బావి వట్టిగనే ఉండె. పైపు దాంట్లకు ఇడిచినం." పూడ్పించింది లేదు, మూత పెట్టాడంతే. ఇన్ని నెలలూ ఇంటిల్లిపాదీ ఆ నీళ్లే తాగాం, బోనమూ ఆ నీళ్లతోనే వండారు.

నాయనమ్మ సిమెంటు మూత వైపు చూసింది. మొన్న శుక్రవారం రాసిన పసుపు ఇంకా దాని మీద ఉంది. "నేను మొక్కింది దీనికేనార?" అంది కొడుకుతో. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. కానీ అమ్మ వైపు తిరిగి ఒక్క మంచి మాట కూడా అనలేదు.

బాపు ఇంటి వెనుక రాయి పగలగొట్టించి గుంత తవ్వించాడు. తాగడానికి నీళ్ల డబ్బాలు తెప్పించాడు. మరుసటి ఏడు బోనాలకు నాయనమ్మ కొత్త కుండ తెచ్చి అమ్మ ముందు పెట్టింది. "మీ బిడ్డనే ఎత్తుకొమ్మనుండ్రి అత్తమ్మా. శుద్ధి చేతులు గద," అంది అమ్మ. అంతే, మళ్లీ ఎన్నడూ బోనం ఎత్తుకోలేదు. ఆమె కొంగు పట్టుకుని డప్పుల వెంట నడవడం నాకు అంతటితోనే అయిపోయింది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ ఇల్లూ లేదు, ఆ జాగాలో గోదాం లేచింది. దాని నేల కింద మా బావి ఉన్న సంగతి అక్కడ లారీల్లో పెట్టెలు ఎక్కించేవాళ్లెవరికీ తెలియదు. గిరక పాత ఇనుప సామాన్లలో కలిసిపోయింది.

మొన్న ఆదివారం అమ్మా బాపూ మా ఇంటికి వచ్చారు. నేను బాపు చేతులకు నీళ్లు పోస్తుంటే ఆయన ముక్కు చిట్లించాడు. పక్కనే ఉన్న నా భర్తను కాదు, నన్ను అడిగాడు.

"ట్యాంకు కడిగి ఎన్ని దినాలైంది బిడ్డా?"

నా చేతిలో చెంబు ఆగిపోయింది. అమ్మ కూరగాయలు తరుగుతోంది, తలెత్తలేదు.

"ట్యాంకు తర్వాత కడుగుదువు," అంది నాతో. "ముందుగాల పైపు యాడికి పోతుందో మీ బాపును అడుగు."

బాపు తడి చేతులు తుడుచుకోకుండానే బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు. పైనుంచి విమానం ఒకటి దిగుతుంటే, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు తలెత్తి అదే చూస్తూ ఉండిపోయాడు.