కొండలమ్మ నేర్చిన జపాను క్రియ

కృష్ణా జిల్లాలో జపాను భాషను అనర్గళంగా మాట్లాడిన మొదటి మనిషి బెజవాడ వన్ టౌన్‌లో రొయ్యల వ్యాపారం చేసే కొండలమ్మ. భాష అంటే మొత్తం భాష కాదు. ఒకే ఒక్క క్రియ. దాన్ని మాత్రం అనర్గళంగానే మాట్లాడింది.

డెబ్బై నాలుగు వేసవిలో మొరిటా అనే జపానాయన రొయ్యలు కొనడానికి బెజవాడ వచ్చాడు. సరుకు నచ్చిన ఒక్కరితోనే ఏడాదికి ఒప్పందం. ముందు కొండలమ్మ గిడ్డంగి, తర్వాత పక్క వీధిలో కాశీరావుది చూస్తానన్నాడు. మొరిటా వచ్చేసరికి కొండలమ్మ గిడ్డంగిలో ఐసు తప్ప ఏమీ లేదు. బందరు నుంచి రావలసిన లారీ టైరు పేలి ఉయ్యూరు దగ్గర ఆగిపోయింది.

మొరిటాకు దుబాసీగా వచ్చిన శౌరయ్య ఓడల్లో పనిచేస్తూ ఆ భాషను ముక్కలు ముక్కలుగా నేర్చినవాడు. కొండలమ్మ అతన్ని పక్కకు పిలిచింది.

"లారీ వచ్చేదాకా ఆయన్ని ఆపాలయ్యా. ఒక మాట చెప్పు."

"'మత్తె కుదసాయ్' అనండి. ఆగండి అని."

"ఆగమంటే ఎవరాగుతారు? తినమంటే ఆగుతారు. తినడాన్నేమంటారు?"

"తబెరు. మర్యాదగా తినండి అనాలంటే 'తబెతె కుదసాయ్'. మనకి మల్లేనే క్రియ చివర్లో వస్తదండీ. ముందు కూర పేరు పెట్టుకోండి, చాలు."

గిడ్డంగి వెనకే ఇల్లు. విస్తరి వేశారు. "పప్పు తబెతె కుదసాయ్" అంది. మొరిటా తిన్నాడు. "గోంగూర తబెతె కుదసాయ్." చెంబెడు నీళ్లు తాగి అదీ తిన్నాడు. కోడికూర దగ్గర చేయి అడ్డం పెట్టి "తబెమాష్త" అన్నాడు.

"అంటే?"

"అదే క్రియండీ, అయిపోయిన పనికి. తిన్నానంటున్నాడు."

"తిన్నానని ప్రతి చుట్టమూ అంటాడు. అది నమ్మి గరిట ఆపితే మనం మనుషులమేనా?" అంటూ ఆ చేతి పక్కనుంచి కూర వడ్డించింది.

పెరుగన్నం దాకా ఆయన భూతకాలంలోనూ ఆవిడ విధ్యర్థంలోనూ మాట్లాడుకున్నారు. కాన్వెంటులో బెత్తంతో నేర్పినా ఆ తేడా నాకింత స్పష్టంగా అర్థం కాలేదు.

లారీ వచ్చేసరికి మొరిటా నులకమంచం మీద ఒరిగి ఉన్నాడు. రొయ్యల బుట్టలు అక్కడికే మోసుకొచ్చారు. ఒక రొయ్యను పడుకునే తిప్పి చూసి, వాసన చూసి, తలూపాడు. పక్క వీధి దాకా నడవడం ఆయన వల్ల కాలేదు. ఒప్పందం మంచం మీదే అయింది.

శౌరయ్య చెప్పినదంతా ఇలా రాసి, మొన్న కొండలమ్మకు చదివి వినిపించాను. చివరి దాకా విన్నది.

"అట్టాంటిదేం జరగలేదండీ. మా లారీ ఏనాడూ ఆలస్యంగా రాలేదు. ఆ జపానాయనెవరో నేను చూడనే లేదు."