డీ దాకా వచ్చిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో ఒక్క ఇంగ్లీషు మాట నోటికి రావాలంటే నేను ఛత్రినాక నుంచి ఫలక్‌నుమా దాకా నడిచేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో ఎవరికైనా మాట తెలియకపోతే ఫోను మీద వేలు పెడతారు. అది అర్థం చెబుతుంది, పలికి వినిపిస్తుంది, ఎక్కడ పుట్టిందో కూడా చెబుతుంది. రెండు నిమిషాలాగి అడిగితే ఒక్కరికీ గుర్తుండదు. చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. (నాకు ఒళ్లు మండటం కొత్తేమీ కాదు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో నన్ను పిలిచే పేరే మిరపకాయ.) ఒక్కో మాట కోసం నేను ఎంత అరిచానో, ఎంత ఏడ్చానో, చివరికి ఎవరిని ఎంత మాట అన్నానో చెబితే మీరైనా నా పక్షాన ఉంటారేమో చూద్దాం.

మాది పాలవాళ్ల ఇల్లు. నాలుగు బర్రెలు, పెద్ద పాల క్యాన్లు, వాకిలంతా పేడ. ఇంటర్ తెలుగు మీడియంలో పాసైన నాకు ఆ పేడ వాసనంటేనే మంట. ఒక సర్కారీ ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటర్ కొలువులు పడతాయని విని, ఇంగ్లీషు నేర్చుకుంటానని మా బాపు కాళ్లావేళ్లా పడ్డాను. "ఏడాది ఇస్త బిడ్డా," అన్నాడు బాపు, బర్రె పొదుగు కడుగుతూ. "ఏడాదిల కొలువొస్తే మంచిది. రాకుంటే లొల్లి చెయ్యకుంట క్యాన్లు పట్టాలె. మళ్ల ఏడ్వద్దు." సరే అన్నాను. అప్పటి నుంచి ఆ క్యాన్లను చూసినప్పుడల్లా అవి నాకోసమే కాచుకుని ఉన్నట్టు అనిపించేది.

ఇంగ్లీషు చెప్పేది డిక్షనరీ సార్. పగలు ఒక బైండింగ్ దుకాణంలో పుస్తకాలు కుట్టేవాడు, సాయంత్రం ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో తన ఇంటి అరుగు మీద పాఠం చెప్పేవాడు. వేళ్ల నిండా ఎండిన జిగురు. ఒళ్లో ఎర్ర గుడ్డలో చుట్టిన లావుపాటి డిక్షనరీ. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఫీజు కింద రోజూ పావుసేరు పాలు. (పాలు పంపేటప్పుడల్లా మా బాపు, "ఆయన సదువుల నీళ్లు కలిపితే నేను పాలల్ల కలుపుత, చెప్పు సార్‌కు," అనేవాడు.)

సార్ పద్ధతి వేరు. డిక్షనరీ మొదటి పేజీ నుంచి వరసగా ఒక్కో మాటా చెప్పేవాడు. "ఇంటికి కొత్త మనిషొస్తే ఏమడుగుతం? ఏ ఊరు, ఎవరింటోళ్లు, ఏం పని మీద వచ్చిన్రు అని అడుగుతమా లేదా? మాటను గూడ గట్లనే అడగాలె. ఊరు తెల్వని మాటను నాలిక మీద కూసోపెట్టొద్దు," అనేవాడు. అంటే క్లాసులో ఇంకా రాని మాటను వాడకూడదు. పొరపాటున వాడితే అరుగు దిగి నిలబడాలి. పక్కనే పట్టాలు. రైలు వచ్చినా పాఠం ఆగేది కాదు. "ఇంజన్ కంటె గట్టిగ చెప్పు. ఒక్కో అక్షరం ఇడిచి చెప్పు!" అని ఆయన కేకలు, మా కేకలు, ఇంజన్ కూత. నా పక్కన బార్కస్ నుంచి వచ్చే జామపండ్ల భాయ్ కూర్చునేవాడు. తాతల కాలంలో అరబ్బు దేశం నుంచి వచ్చిన కుటుంబం. కాటన్, కాఫీ అరబ్బీ నుంచి వచ్చాయని సార్ చెప్పిన రోజు అతను లేచి నిలబడి, "హమారా హై సాబ్! యే భీ హమారా హై!" అని, ఆ మాటలు తమవేనన్న సంబరంలో అందరికీ జామకాయలు పంచాడు. నాకేమో మంట. వీళ్లకు పండగ, నాకు ఏడాది గడువు.

ఎందుకంటే నెలలు గడుస్తున్నా మేము ఏ, బీ, సీల్లోనే తిరుగుతున్నాం. వారానికి పాతికో ముప్పయ్యో మాటలు, అంతే. ఇంటర్వ్యూ కార్డు వచ్చేసరికి డీ సగంలో ఉన్నాం. "సార్, ముంగటికి పోదాం సార్. ఇంటర్వ్యూల ఏమడుగుతరో ఏమో!" అని మొత్తుకున్నాను. ఆయన ఎర్ర గుడ్డ ముడి సర్దుకుని, "ఫికర్ చెయ్యకు. డీ అయినంక ఈ," అన్నాడు. ఆ రాత్రంతా పళ్లు నూరుకున్నాను.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. మధ్యలో టై కట్టినాయన ఇంగ్లీషులో మా నాన్న ఏం చేస్తాడని అడిగాడు. ఫాదర్ అనే మాట నాకు తెలియదా? రెండో తరగతిలోనే నేర్చుకున్నాను. కానీ పది నెలలు సార్ వేసిన బేడీ! ఎఫ్ ఇంకా రాలేదు కదా, నాలుక అక్కడే బిగుసుకుపోయింది. చివరికి "డాడీ" అన్నాను. మా వంశంలో ఆ మాట అన్నదాన్ని నేనే మొదలు. డాడీ ఏం చేస్తాడంటే "డెయిరీ" అన్నాను. ఇంకా చెప్పమంటే "బఫెలో... బ్లాక్ బఫెలో" అన్నాను. తమ్ముళ్లున్నారా అంటే "బ్రదర్" దొరికింది, ప్రాణం లేచొచ్చింది. టై ఆయన పక్కకు వంగి, అయితే ఈ పిల్లను ఆ డెయిరీలోనే ఉండమనొచ్చు కదా అని ఇంగ్లీషులో అని నవ్వాడు. నాకు రాదనుకున్నాడు. ఆ ఒక్క మాటతో నాకు కోపం నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాను.

"డెయిరీ ఎవరింటి మాటో మీకెరుకనా సార్? పాత ఇంగ్లీషుది. పిండి పిసికే పనిమనిషిని డే అంటుండ్రి. ఆ పనిమనిషి ఉండే జాగ డెయిరీ. నేను ఆడ ఉండ! మీరు పండుకునే కాట్ మా ఖాట్. మీరుండే బంగళా మాది. బాండికూట్ అంటరు గదా, అది మా తెలుగుది, పందికొక్కు! మా మాటలు తీస్కపోయి మా మీదనే నవ్వుతున్నరా?" సగం తెలుగు, సగం ఇంగ్లీషు, అంతా కేకలు. ప్యూను తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. చివర కూర్చున్న ముసలాయన మాత్రం ఏదో రాసుకున్నాడు. నా పేరు కొట్టేశాడనుకుని బయటికొచ్చాను.

అక్కడి నుంచి ఇంటికి పోలేదు. తిన్నగా ఫలక్‌నుమా పోయాను. ఆ రోజు దుకాణానికి సెలవు, సార్ అప్పుడే ఎక్కడి నుంచో వచ్చి అరుగు మీద కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. కోపంలో 'మీరు' ఎటో ఎగిరిపోయింది. "నా బతుకు పాడుచేసినవ్! పది నెలల సంది డీ దాకనా? ముంగట ఏమున్నదో ఇయ్యాల చూడనీ!" అంటూ ఎర్ర గుడ్డలోని డిక్షనరీ లాక్కుని తెరిచాను. డీ తర్వాత అచ్చు లేదు. దుకాణంలో ఎవరో పారేసిన సగం పుస్తకం అది. డీ అయినచోట తెల్ల కాగితాలు కుట్టి ఉన్నాయి. వాటి మీద 'ఈ' అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు, సార్ చేతిరాతతో, చీమల బారులా. ఇదేంటని అడిగితే చెప్పాడు, సెలవు రోజున అఫ్జల్‌గంజ్ దాకా పోయి లైబ్రరీలో కూర్చుని రాసుకొస్తున్నాడట. మేము 'ఈ'కి చేరేలోగా ఆ అక్షరం పూర్తి చెయ్యాలని, అంతవరకు మమ్మల్ని మెల్లగా నడిపిస్తున్నాడట.

అక్కడైనా నేను నోరు మూసుకోవాలా లేదా? మూసుకోలేదు. "నీకే రాని ఇంగ్లీషు మాకెందుకు చెప్పినవ్?" అన్నాను. సార్ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని నలిగిన పేజీని అరచేత్తో సాపు చేశాడు. "నాకొచ్చిందే చెప్పిన బిడ్డా. రానిది చెప్పలే," అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

ఏడాది నిండకముందే ఆశ వదులుకుని ఇరవై రోజులు క్యాన్లు మోశాను. భుజాలు వాచాయి. అందరి మీదా కోపమే. సార్‌కు పాలు బంద్ చెయ్యమన్నాను. "ఇంటికాడికి పోయి పెద్దమనిషిని తిట్టొచ్చినవ్, పాలు గూడ బంద్ చేస్తవా?" అని బాపు తనే పోసి వచ్చేవాడు. ఇరవై ఒకటో రోజు కార్డు వచ్చింది. నాకు కొలువు వచ్చిందని! చేరిన రోజు చివర కూర్చున్న ఆ ముసలాయనే ఎదురుపడ్డాడు. టెలిఫోన్ల పెద్ద ఆయనేనట. "మా లైన్లు చెవిటివమ్మా," అన్నాడు. "మిషన్ల చప్పుడుల ఎవ్వరి మాట వినపడది. ఆ దినం నీ మాట వరండల ప్యూనుకు గూడ ఒక్కో అక్షరం వినపడ్డది. ఇంగ్లీష్ మేం నేర్పుకుంటం. గసొంటి గొంతు యాడికెల్లి తేవాలె?" ఇంజన్ కూత, సార్ కేకలు ఒక్కసారిగా చెవిలో మోగాయి. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం పాలగిన్నె నేనే పట్టుకుపోయాను. జామపండ్ల భాయ్ నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. నేను కూర్చోలేదు, అరుగు కిందే నిలబడి, "సార్, సారీ సార్," అన్నాను.

"ఎస్ ఇంకా రాలే," అన్నాడు సార్, తలెత్తకుండా. "ఏలో ఏమున్నది?"

నాకు మళ్లీ మండింది. ఏడుపూ వచ్చింది. "అపాలజీ," అన్నాను.

"రైలొస్తున్నది, వినపడలే."

"అపాలజీ!" అని అరిచాను.

"ఏ ఊరు?"

"గ్రీకు."

"ఆడ ఉన్నప్పుడు దానికి అర్థమేంది?"

"తప్పు చేసినవని ఎవరన్న అంటే, తన దిక్కు మాట తను చెప్పుకునుడు."

"మరి నీ దిక్కు మాట ఏమున్నదో చెప్పు."

"ఏం లేదు సార్," అన్నాను. ఆయన పాలగిన్నె అందుకుని పక్కన పెట్టి, ఎర్ర గుడ్డ విప్పాడు. "అయితే ఎక్కి కూసో. డీ అయిపోయింది," అన్నాడు.

తర్వాత ఫ్యాక్టరీ లైబ్రరీలో నిండు డిక్షనరీ దొరికింది. మధ్యాహ్నం ఫోన్లు మోగనప్పుడు ఎఫ్, జీ మాటలు నేనే రాసి తెచ్చేదాన్ని, సార్ వాటిని ఆ తెల్ల కాగితాల్లో కుట్టేవాడు. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొన్న తెరిస్తే, నేను అంత కష్టపడి రాసిన ప్రతి పేజీ మీదా ఎర్ర సిరాతో సార్ దిద్దుబాట్లే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు మండింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి, ఆ దిద్దిన మాటలన్నీ ఒక్కొక్కటిగా, రైలు కంటే గట్టిగా పలికాను.