సరంగు గారి ముక్కు

2022 ఎండాకాలం. వశిష్ఠ గోదావరి మీద మా పంటు పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఇటు రేవుకీ అటు రేవుకీ తిరుగుతూ ఉండేది. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, పంటు అంటే బల్లపరుపు ఇనప పడవ. మనుషులే కాదు, బైకులు, ఆటోలు, కొబ్బరికాయల లారీ కూడా ఎక్కుతాయి. స్టీరింగ్ పట్టి దాన్ని నడిపేవాడు సరంగు. తాడు విసిరి రేవుకు కట్టి, బళ్ళు ఎక్కడానికి ర్యాంపు దించి, పంటు ఒరగకుండా వాటిని సర్దేవాడు కళాసీ. నేను కళాసీని. పాతికేళ్ళుగా కళాసీనే. సరంగు లైసెన్సు నాకూ ఉంది, ట్రంకుపెట్టెలో బట్టల అడుగున. దానికన్నా మా ఆవిడ పట్టుచీరే ఎక్కువసార్లు వెలుగు చూసింది.

పాత సరంగు మోకాళ్ళు అరిగి మానేసినప్పుడు ఆ సీటు నాదేననుకున్నాను. రేవును వేలంపాటలో పాడుకున్న రాజుగారు దాన్ని ప్రసాదుకిచ్చారు. ప్రసాదు సముద్రపు వేటకెళ్ళే ఇంటివాడు. కళాసీగా చేరిన కొత్తలో, ముందు లారీ ఎక్కించాలా ఆటో ఎక్కించాలా అని నన్నడిగి నేర్చుకున్నవాడు. పోనీ పని చెడగొట్టేవాడా అంటే, అదీ లేదు. చెడగొట్టి ఉంటే నాకు రాత్రిళ్ళు హాయిగా నిద్ర పట్టేది.

వాడి సీటు మీద మెత్త వేశారు. నెత్తిన ఫ్యాను బిగించారు. టీ వాడికి గాజుగ్లాసులో, నాకు కాగితం కప్పులో. జనం వాణ్ణి "సరంగు గారూ" అనేవారు. జుట్టు నెరిసిన నన్ను "ఇదిగో, తాడబ్బాయ్" అనేవారు. ఒళ్ళు మండిపోయేది.

నేను తాడు విసిరితే పులస ఎగిరి అందుకుందని చెప్పి ఊళ్ళకు ఊళ్ళను నమ్మించినవాణ్ణి. నోరు ఊరుకుంటుందా? ఒకరోజు పోటు తగ్గి నీళ్ళు పల్చబడ్డాయి. నీటి కింద ఇసుక మేటలు తప్పించుకుంటూ ప్రసాదు పంటును వంకర్లు తిప్పుతున్నాడు. చేపల బుట్ట పక్కన కూర్చున్న మంగమ్మకు విసుగొచ్చింది.

"ఏంటయ్యా, తిన్నగా పోకుండా ఈ తిప్పుడేంటి?"

"సరంగు గారికి చూపు ఆనదు పిన్నీ. ముక్కుతో నడుపుతాడు. మేట వాసనొస్తే పక్కకి తిప్పేస్తాడు."

రేవులో దిగీ దిగగానే రాజుగారి దగ్గర గగ్గోలు పెడుతుందని నా ఆశ. మంగమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఓరి నాయనో! నీళ్ళ కింద ఇసక వాసన తెలుస్తాదేంటి! వేటోళ్ళ రక్తంలో ఉంటాదిలే అది. మా మావకీ ఉండేది."

సాయంత్రానికి అవతలి రేవులో టీ కొట్టతను నా కథ నాకే చెప్పాడు, మరో రెండు మేటలు చేర్చి. వారం తిరక్కుండా ఒకాయన పుచ్చకాయ తెచ్చి, పండిందో లేదో వాసన చూసి చెప్పమని ప్రసాదు ముందు పెట్టాడు. ఇంకొకాయన బోరు ఎక్కడ వేయాలో చెప్పడానికి పొలం దాకా రమ్మన్నాడు. లాభం లేదని, "సరంగుకి జలుబు చేసిందంటే మన పని గోవిందా" అని ప్రచారం మొదలెట్టాను. మర్నాటి నుంచి ఆడవాళ్ళు ఫ్లాస్కుల్లో మిరియాల పాలు తేవడం మొదలుపెట్టారు. పాతికేళ్ళు వానలో తడిశాను, నేను దగ్గితే పక్కకు జరిగారే తప్ప ఒక్కరూ చుక్క వేణ్ణీళ్ళిచ్చిన పాపాన పోలేదు.

"అన్నయ్యా, నీటి రంగు చూసి తిప్పుతున్నానంటే ఎవరూ నమ్మట్లేదు. ఈ ముక్కు గోల ఎవరు పుట్టించారంటావ్?" అన్నాడు ప్రసాదు పాలు తాగుతూ.

"లోకం చెడిపోయిందిరా తమ్ముడూ," అన్నాను.

వానలు పడే వేళకు ఆ ముక్కు పేరు రాజమండ్రి దాకా పోయింది. టూరిస్టు లాంచీ నడిపేవాళ్ళు వచ్చి ప్రసాదును తీసుకుపోయారు. తెల్ల యూనిఫారం, భుజాన బంగారు రంగు పట్టీలు! వెళ్తూ వెళ్తూ సీటు మీది మెత్త తీసి నా చేతిలో పెట్టాడు.

"నీకే అన్నయ్యా. ఎవరు పుట్టించారో నాకు మొదటిరోజే తెలుసులే."

ఆ మెత్త చంకన పెట్టుకుని, లైసెన్సు దులుపుకుని రాజుగారి దగ్గరికి వెళ్ళాను.

"ఇప్పుడన్నా ఆ సీటు నాకిప్పించండి బాబూ."

"లైసెన్సు సరేనయ్యా. ప్రసాదు గురించి రెండు రేవులూ చెప్పుకున్నాయి. నీ గురించి ఒక్కడన్నా చెప్పాడా?"

"నేను చెప్తున్నాను కదండీ."

"నీ గురించి నువ్వు చెప్పుకుంటే ఎవడు నమ్ముతాడయ్యా?"

రాజోలు నుంచి కొత్త సరంగు వచ్చాడు. ఆయనకు ఫ్యాను ఉంది, గాజుగ్లాసు ఉంది. మెత్త మాత్రం నేనివ్వలేదు. తాడు చుట్ట మీద వేసుకుని దాని మీదే కూర్చుంటున్నాను.

ఆ ఏడు నాకు తెలిసింది ఇదీ. పైకి రావడానికి పని ఒక్కటే చాలదు. మనల్ని చూసి కుళ్ళుకునేవాడు, కాస్త నోరున్నవాడు, ఒకడు పక్కనే ఉండాలి. ప్రసాదుకు నేను దొరికాను. నాకింకా ఎవరూ దొరకలేదు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా నామీద రవ్వంత ఈర్ష్య ఉంటే, దయచేసి ఒక్కసారి మా పంటు ఎక్కి, మంగమ్మ పక్కన కూర్చుని, నా గురించి నాలుగు చెడ్డమాటలు చెప్పి పొండి.