నల్లా దగ్గర అక్క బిందె

నా చిన్నప్పుడు నాంపల్లి స్టేషను వెనక మేమున్న కాంపౌండులో ఎనిమిది వాటాలకు ఒకటే కుళాయి. దాన్ని కుళాయి అనేది మా అమ్మ ఒక్కతే. మేం గుంటూరు నుంచి కొత్తగా వచ్చినవాళ్లం. మిగతా అందరికీ అది నల్లా. పొద్దున ఓసారి, మధ్యాహ్నం రెండింటికి ఓసారి నీళ్లొచ్చేవి. ముందుగా బిందెలు వరసలో పెట్టుకోవచ్చు గానీ, నీళ్లొచ్చే వేళకు బిందె పక్కన మనిషి లేకపోతే ఆ బిందె వరస చివరికి పోవాల్సిందే. మూలగది అవ్వ పెట్టిన కట్టుబాటు అది. ఆవిడ మాటంటే కాంపౌండంతా హడల్.

ఆ కట్టుబాటు పక్కింటి అక్క ఒక్కదానికే లేదు. ఆమె బిందె ఎప్పుడూ మొదట ఉండేది, మనిషి రాకపోయినా. నింపిన బిందెను పిల్లలం వంతులవారీగా ఆమె గుమ్మంలో పెట్టాలి. అక్క ఒంటరిది. అబిడ్స్‌లో ఒక బట్టల కొట్టుకు పిల్లల గౌన్లు కుట్టి ఇచ్చేది. కాళ్లలో సత్తువ లేదనేది. మధ్యాహ్నం పూట గోడ పట్టుకుని నడిచేది. ఒక్కోసారి చూపు మసకబారుతోందని మిషను ఆపేసి కళ్లు మూసుకుని కూర్చునేది. పైకి చూస్తే మాత్రం చక్కగా, నిండుగా ఉండేది. నాకు పదేళ్లు. మాడు పగిలే ఎండలో నేను నిలబడి, ఆమె నీడపట్టున కూర్చుని, పైగా ఆమె బిందె నేను మోయాలా అని నాకు ఒళ్లు మండిపోయేది.

ఉగాదికి ముందు ఒక ఆదివారం పొద్దున్నే నాన్నతో అబిడ్స్ వెళ్లాను. పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తున్నారు. నాన్న వంగి పుస్తకాలు చూస్తుంటే, రోడ్డుకవతల అక్క కనబడింది. భుజాన గౌన్ల సంచీతో చకచకా నడిచి పోతోంది. గోడ లేదు, కర్ర లేదు! నాకు దొంగ దొరికినంత సంబరమైంది. ఇంటికి రాగానే గుమ్మం గుమ్మానికీ తిరిగి చెప్పాను, అక్కది వట్టి నటన అని. అవ్వ ముక్కున వేలేసుకుంది.

“గట్లనా? గంత మంచిగ నడిచేటామెకు మనం నీళ్లు మోస్తున్నమా? రేపటి సంది అందరి లెక్కనే ఆమె గూడ నిలవడాలె” అంది.

మర్నాటి నుంచి అక్క నిలబడింది. నేను ఆమె ముందే నిలబడి, వెనక్కి తిరిగి ఆమె కాళ్లు చూసేదాన్ని, ఎప్పుడు వణుకుతాయో అని. మూడో రోజు ఎండ మరీ ఎక్కువగా ఉంది. నా బిందె నిండుతుండగా వెనక చప్పుడైంది. అక్క నల్లా గట్టు మీద పడిపోయింది. కనుబొమ దగ్గర చిట్లి రక్తం కారుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ, “ఏం కనవడ్తలేదు, ఎవలన్న పట్టుకోండ్రి” అంటూ చేతులతో వెతుక్కుంటోంది. పట్టుకోవాల్సినంత దగ్గర్లో నేనే ఉన్నాను. బిందె వదిలేసి ఇంట్లోకి పారిపోయి మంచం కింద దూరాను.

దవాఖానలో అక్కను చాలా రోజులు ఉంచారు. అప్పుడే ఒక పెద్ద డాక్టరు ఆ జబ్బుకు పేరు చెప్పాడట, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని. నరాల మీది పొర దెబ్బతింటుందని, ఒంటికి వేడి తగిలితే ఉన్న సత్తువ కూడా పోతుందని, చల్లపూట మళ్లీ కొంత తేరుకోవచ్చని అమ్మ చెబుతుంటే నేను తల ఎత్తలేదు. చూపు తిరిగొచ్చింది గానీ, చేతికి కర్ర వచ్చింది. అవ్వే స్వయంగా అక్క బిందె తీసుకెళ్లి మొదట పెట్టింది. నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాత నాలుగేళ్లు ఆమె ఎదుట పడకుండా తిరిగాను. అక్క మెడకు తడి తువ్వాలు చుట్టుకుని తెల్లవారుజామునే మిషను ముందు కూర్చునేది. ఎండెక్కాక పడుకునేది. చివరికి వేళ్లు కూడా పట్టు తప్పాయి. ఒక ఉదయం కబురు పెట్టింది, నీ దస్తూరీ బాగుంటుందట, కాగితం రాసిపెట్టు అని. కలం పట్టుకుని వెళ్లాను. అది వీలునామా. సాక్షులుగా సంతకానికి అమ్మ, వేలిముద్రకు అవ్వ కూర్చుని ఉన్నారు.

ఊళ్లో తండ్రి తన పేరున రాసిన చెలక, అంటే మెట్ట పొలం, అమ్మి, ఆ డబ్బుతో దవాఖానలో చీటీల వరస దగ్గర బల్లలు వేయించాలని చెప్పింది. నేను పుస్తకాల భాషలోకి మార్చబోతే, “నేను చెప్పినట్టే రాయి బిడ్డా” అంది. చివర ఈ మాట చెప్పింది:

“గీ బల్ల మీద కూసున్నోళ్లను, ఎందుకు కూసున్నవని ఎవ్వరు అడగొద్దు.”

నా కలం ఆగిపోయింది. కాగితం మీద సిరా మరక పడింది. అక్క చూసింది.

“నాకెర్కే” అంది మెల్లగా. “నువ్వు చూసింది అబద్ధం గాదు. ఆ పొద్దు మంచిగనే నడిచిన. కింద వడ్డది గూడ అబద్ధం గాదు. ఆనాడు ఇంటింటికి చెప్పినవు గద, గీ మాట గూడ నీ చేతితోనే ఉండనీ.”

తప్పయిందక్కా అనాలి నేను. తల వంచుకుని ఆ వాక్యం రాశాను. అక్క ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లలోనూ ఆ మాట అనలేకపోయాను. చూసిందే చెప్పాను కదా అని నాలో ఒకత్తె ఇప్పటికీ వాదిస్తూనే ఉంటుంది. సిగ్గులేనిది.

ఆమె పోయాక ఆ బల్లలు వేయించారు. అక్క చెప్పిన మాట పైన గోడ మీద రాయించారు. మొన్న మోకాళ్లు చూపించుకోవడానికి అక్కడికే వెళ్లాను. బల్ల మీద ఇరవై ఏళ్ల పిల్ల, గుండ్రాయిలా ఉంది, దర్జాగా కూర్చుని ఉంది. నేను నిలబడ్డాను. వయసులో ఉన్నదానివి, నీకేం రోగం, లే అని నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా వచ్చింది, చూడండి! ఒళ్లంతా సిగ్గుతో ముడుచుకుపోయింది. ఆ ప్రశ్న నాలోంచి పోలేదు, పోదు కూడా. అడక్కుండా నిలబడటం మాత్రం నేర్చుకున్నాను.