చావు ఘట్టం దగ్గర ఆపిన ఆట

మా చెల్లెలి కొడుకు ఉద్యోగం కోసం విజయవాడ వచ్చి, పటమటలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. వాడు వీడియో గేములు ఆడుతుంటే మొదట్లో ఆ మోత భరించలేక తలుపు వేసుకునేవాణ్ణి. ఒకరోజు తొంగి చూస్తే, ఎవరో పడవల నాయకుడు నది పొడుగునా జనాన్ని కూడగట్టి దుర్మార్గుడైన రాజు మీద తిరగబడుతున్నాడు. ఇది పురాణమే కదా అనిపించింది. కుర్చీ తెచ్చుకుని వాడి వెనక వేసుకున్నాను. రాజు కూలిన రోజున నేను చప్పట్లు కొడితే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి వెళ్ళింది.

రెండో భాగం కోసం మావాడు ఎంత ఎదురుచూశాడో నేనూ అంతే. వచ్చిన ఆదివారం పూజ త్వరగా ముగించుకుని కూర్చున్నాను. గంట కూడా కాలేదు, నాయకుడు బావి దగ్గర నీళ్ళు తాగబోతూ వంగాడు, వెనకనుంచి బాణం దిగింది. అంతే, పోయాడు. ఆ తర్వాత ఆట ఆయన చెల్లెలి చేతిలోకి వచ్చింది. ఆమె కత్తి పట్టి ఎరగదు. అన్న అస్థికల కుండ పట్టుకుని సముద్రం దాకా నడవాలి. మావాడు ఏ మీట నొక్కినా ఆమె పరిగెత్తదు. గట్టు వెంట నడుస్తూనే ఉంది. వాడు విసిగిపోయి ఆపేశాడు. ఇది గేమ్ కాదు, మార్నింగ్ వాక్ అన్నాడు. డిస్కు అమ్మేస్తానన్నాడు.

నాకు పట్టుకున్న బెంగ వేరు. మా సత్సంగంలో సప్తాహం పెట్టినప్పుడల్లా పారాయణ చేసేది నేనే. ఏ రోజు పఠనమైనా మరణం దగ్గర ఆపకూడదు. గొంతు పోయినా సరే, ఒక జననమో కల్యాణమో వచ్చేదాకా చదివి పుస్తకం మూయాలి. లేకపోతే విన్నవాళ్ళు ఆ చావును ఇళ్ళకు మోసుకుపోతారని మా గురువుగారు చెప్పేవారు. ఇప్పుడు మా ఇంట్లోనే ఒక కథ చావు దగ్గర ఆగిపోయి ఉంది. నాకా ఆ యంత్రం తిప్పడం రాదు. ఆ వారమంతా జపంలో కూర్చున్నా ఆ బావే కనిపించింది.

తర్వాతి ఆదివారం వాడి స్నేహితుడు వచ్చాడు. వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్టు వాళ్ళది. ఆట పూర్తిగా ఆడేశాడు, అద్భుతమంటాడు. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. వాళ్ళ కాఫీలు చల్లారిపోయాయి. నేను స్నేహితుడి పక్షం చేరి మావాణ్ణి అడిగాను: "ఒరే, చావు జరిగిన ఇంట్లో పది రోజులూ ఎవరన్నా పరిగెడతార్రా? ఆ పిల్ల నడవక ఏం చేస్తుంది?"

వాడు తగ్గలేదు. "సరే మావయ్యా, నడవనీ. మరి ఆయన్ని చంపడానికి ఒక పద్ధతుండద్దా? మీ పురాణాల్లో ఊరికే ఎవరన్నా చస్తారా? ముందు ఒక శాపముంటది, శకునముంటది. ఇక్కడేముంది?"

ఆ ప్రశ్నకు నాకు ముచ్చటేసింది. ఇన్నేళ్ళ సత్సంగంలో ఇంత మంచి ఆక్షేపణ నన్ను ఎవరూ అడగలేదు.

స్నేహితుడు నవ్వడం మొదలుపెట్టాడు. "శాపం ఉందండీ అంకుల్. మొదట్లోనే ఉంది. వీడు యుద్ధం ఎప్పుడొస్తదా అని ఆ సీను స్కిప్ కొట్టుంటాడు."

మావాడు పక్కకి చూశాడు. కొట్టాడన్నమాట.

పారాయణలో ఒక్క శ్లోకం దాటేసినా ఆ అధ్యాయం మళ్ళీ మొదటినుంచి చదవాల్సిందేనని పట్టుబట్టాను. గొణుక్కుంటూనే పెట్టాడు. ఈసారి ఏదీ దాటెయ్యలేదు. ఊరి బయట ఒక ముసలామె నాయకుడికి ఎదురొచ్చింది. ఆ రాజు కోటగుమ్మం దగ్గర కాపలా కాసినవాడు తన కొడుకని, బాణం తగిలి, గుక్కెడు నీళ్ళు అడుగుతూ పోయాడని చెప్పింది. చేతిలోని చెంబు నేలమీద ఒంపేసింది. నీకూ నీళ్ళు గొంతు దిగవంది.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. అది శాపమే, సాక్షాత్తూ శాపమే. స్నేహితుడు నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. మావాడు మాత్రం కదల్లేదు.

"ఆ కాపలావాణ్ణి ఫస్ట్ పార్టులో నేనే కొట్టా," అన్నాడు. "పక్కనుంచి పోవచ్చు. ఊరికే కొట్టా."

బావి వచ్చింది. నాయకుడు వంగాడు. ఈసారి మావాడు తిట్టలేదు. అస్థికల కుండ చెల్లెలి చేతికి వచ్చాక వాడు ఏ మీటా గట్టిగా నొక్కలేదు. ఆమె నడిచినంత మెల్లగా నడిపించాడు. గట్లు, రెల్లుపొదలు, ఉప్పుగాలి. ఇంత నడక పెట్టడం మాత్రం తప్పేనని, సగం చాలని మధ్యలో అన్నాడు. సగం నడిస్తే సముద్రం వస్తుందా అన్నాను. గేమ్‌లో వస్తది మావయ్యా అన్నాడు. దానిమీద ముగ్గురం మళ్ళీ వాదించుకున్నాం, ఆమె నడుస్తూనే ఉంది.

సాగరసంగమం దగ్గర అస్థికలు కలిపింది. అక్కడి జాలరులు కొత్త పడవను నీళ్ళలోకి దించుతూ, మొదటి అడుగు పెట్టమని ఆమెను పిలిచారు. నా మనసు తేలికపడింది. ఇది శుభఘట్టం, ఇక్కడ ఆపొచ్చు, ముందు భోజనం చేద్దాం రమ్మన్నాను.

"ఇప్పుడా? ఆ ముసలామె ఇంకా బతికే ఉంది మావయ్యా. ఈమె వెళ్ళి ఆమెకి ఏం చెప్తదో చూడద్దా?" అని, తెరమీదనుంచి చూపు తిప్పకుండా పడవ ఎక్కించాడు.

మా ఆవిడ అన్నం చల్లారిపోతోందని రెండోసారి పిలిచింది. ముగ్గురికీ కంచాలు ఇక్కడికే తెచ్చెయ్యమన్నాను.