ముగ్గురం కలిసి వేసిన మందు

ఆ రోజుల్లో, అంటే సునామీ వచ్చి వెళ్ళిన మరుసటి ఏడాది, మా దీవిలోని డాలీగంజ్‌లో ప్రతివాడూ సగం వైద్యుడే. క్యాంపుల్లో పంచిన మందులు చూసి చూసి, ఏది మంచిదో ఏది చెడ్డదో మాకే తెలుసన్న ధీమా. నా సంగతి మరీను. పాతికేళ్ళకే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరునైపోయి, వండూర్ వైపు రేకుల ఇళ్ళు కట్టిస్తూ, సిమెంటు ఒక్క తట్ట తక్కువ కలిపితే మేస్త్రీని పదిమందిలో కడిగేసేవాణ్ణి.

అలాంటి నాకు రెండేళ్ళ కూతురు. దానికి జ్వరమొచ్చి చెవిలోంచి చీము కారుతుంటే డాక్టరమ్మ యాంటీబయాటిక్ సిరప్ రాసి, "రోజుకు మూడుసార్లు చెంచా చొప్పున, ఏడు రోజులు. అశ్రద్ధ చేస్తే వినికిడికే మోసం వస్తుంది" అంది. పక్కింటి దీదీ సీసా చూసి గుండెలు బాదుకుంది. "ఇత్నీ ఛోటీ బచ్చీకో యాంటీబయాటిక్? లివర్ ఖరాబ్ హో జాయేగా భయ్యా!" లివర్ పాడైపోతుందట! మా అమ్మ వంత పాడింది. "గుంటకి ఒళ్ళు వేడి చేసేస్తాదిరా! మిమ్మల్ని నలుగుర్నీ ఏ సిరప్పులు పోసి పెంచానేటి?" మా ఆవిడ ఏమీ అనలేదు. (ఆవిడ ఏమీ అనకపోతేనే ప్రమాదమని అప్పటికి నాకు తెలియదు, పెళ్ళై మూడేళ్ళేగా.) డాక్టరు మాటే వేదమని ప్రకటించి, పొద్దున నేను, మధ్యాహ్నం మా ఆవిడ, సాయంత్రం అమ్మ వెయ్యాలని డ్యూటీలు పంచాను.

ఐదో రోజుకీ జ్వరం తగ్గలేదు. పిల్ల చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. వెనకనుంచి పిలిస్తే తిరగడం కూడా మానేసింది. అందర్నీ వెంటేసుకుని, సీసా పట్టుకుని వెళ్ళి, "ఇదేం మందండీ, నీళ్ళా?" అని డాక్టరమ్మ మీద అరిచాను. ఆవిడ సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. "ఐదు రోజులైందా? పావు వంతు కూడా అవ్వలేదే! పిల్లకి వేశారా, దిష్టి తీశారా?"

ముగ్గురం గోడ వంక చూశాం. ముందు అమ్మ బయటపడింది. సాయంత్రాలు వేసింది వాము నీళ్ళట! మా ఆవిడ విరేచనాలవుతాయేమోనని రోజు విడిచి రోజు వేసిందట. నేను ఇద్దరిమీదా విరుచుకుపడబోతుంటే, "మరి మీరో?" అంది మా ఆవిడ. నేనా... అర చెంచా. లివర్ సంగతి ఆలోచించి. మిగతా ఇద్దరూ సరిగ్గా వేస్తున్నారు కదా అని ఎవరికి వాళ్ళం నిశ్చింతగా ఉన్నాం. డాక్టరమ్మ చివాట్లు కొన్ని హిందీలో, కొన్ని తెలుగులో పెట్టింది. అన్నీ అర్థమయ్యాయి.

మళ్ళీ మొదటినుంచి కోర్సు. ఈసారి ఒకరికొకరం కాపలా కాసి మరీ వేశాం. అయ్యాక డాక్టరమ్మ పిల్ల వెనక నిలబడి మెల్లగా చిటిక వేసింది. అది గిరుక్కున తిరిగింది. నాకు ఏడుపాగలేదు. (జలుబని చెప్పి మా ఆవిడ నా పరువు కాపాడింది.)

దానికిప్పుడు ఇరవై దాటాయి. మొన్న గొంతు నొప్పికి ఇచ్చిన మాత్రలు మూడో రోజే ఆపేసి, ఆ సంగతి వంటింట్లో మా ఆవిడ చెవిలో గుసగుసగా చెప్పానో లేదో, ముందు గదిలోంచి కేక. "నాన్నా! కోర్సు ఇంకా రెండు రోజులుంది. వచ్చి మింగు!" ఆ తిట్టు ఎంత హాయిగా ఉందని! నోరు మూసుకుని వెళ్ళి మింగాను.