రెండు ట్రిప్పుల మునుం

పత్తిలో కలుపు తీసే గుంపుకు ఒక పట్టింపు ఉంది. అందరూ వరుసగా నిలబడి ఒకేసారి సాళ్లు పట్టాలి. దాన్నే మునుం పట్టడం అంటారు. ఆలస్యంగా వచ్చిన మనిషికి చివరి సాలు దక్కుతుంది. అక్కడ గడ్డి ఎక్కువ, పక్కవాళ్ల ముచ్చట్లు వినపడవు, రోజంతా వెనకబడినట్టే. అందుకే మా ఆళ్లగడ్డ ఆడవాళ్లు పద్నాలుగు మందీ ఏడుగురు పట్టే ఆటోలోనే ఎక్కేవాళ్లు. చివర ఎక్కినవాళ్లు వెనక చెక్క మీద కాళ్లు వేలాడేసి కూర్చునేవాళ్లు. ఆ ఆటో మాట్లాడేది నేనే. చేను మాది, పని మాది, ఎలా వస్తారన్నది మాత్రం వాళ్ల సంగతి అనుకునేదాన్ని.

పోయిన ఏడాది అహోబిలం దారిలో, కాలవ మలుపు దగ్గర, గుంపును నడిపే పెద్దామె ఆ చెక్క మీద నుంచి జారి పడింది. నంద్యాల ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టించుకుంటూ ఆమే నన్ను ఓదార్చింది.

"ఏం గాలేదులేమ్మా, ఎడమ చెయ్యే గదా."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పుడు వెనకాల లారీ వస్తూ ఉండి ఉంటే ఆమెను నేను చంపినట్టే.

ఈ ఏడు మొదటి కలుపు రోజు పొద్దున్నే వెళ్లి, కిక్కిరిసిన ఆటో ముందు స్కూటీ అడ్డం పెట్టాను. సగం మంది దిగండి, ఇకమీదట రెండు ట్రిప్పులు అన్నాను.

"ఏందక్కా పొద్దున్నే ఈ పంచాయితీ? నేను మెల్లగానే పోతా గదా," అన్నాడు డ్రైవరు.

తాళంచెవి లాగి పిడికిట్లో పెట్టుకున్నాను. నాకు కోపం వస్తే మా ఇంట్లో పిల్లి కూడా పక్కకు తప్పుకుంటుంది.

ఆడవాళ్లు నాకంటే గట్టిగా అరిచారు. "వెనక వచ్చేటోళ్లు చివర సాళ్లు పట్టాల్నా?" అని ఒకరు, "నీది కాకుంటే ఇంగొకరి చేనుంది, ఆడికే పోతాం," అని ఇంకొకరు. అది ఉత్త బెదిరింపు కాదు. వానలకు గడ్డి పత్తి మొక్కను మించిపోయింది. గుంపు వేరే చేనుకు పోతే మా పంట సంగతి అంతే. సంగతి తెలిసి మా ఆయన ఫోన్ చేసి, "ఈ ఒక్క రోజుకు పోనీలే," అన్నాడు. నేను పోనివ్వలేదు.

"రెండో ట్రిప్పు వచ్చేదాకా ఎవరూ చేన్లో కాలు పెట్టొద్దు," అన్నాను. "గట్టు మీద కూర్చోండి. మొదటి ట్రిప్పు కదిలినప్పటి నుంచే అందరికీ పని మొదలైనట్టు. ఆలస్యం నాది."

ఎవరూ నమ్మలేదు. పని ఇచ్చేవాళ్లు ఆలస్యం తమదని ఎప్పుడన్నారు గనక? అప్పుడు పెద్దామె లేచింది. ఎప్పుడూ మునుంలో మొదటి సాలు ఆమెదే.

"నేను రెండో ట్రిప్పులో వస్తా. నేను రాకుండా మునుం ఎట్ల పడతారో చూస్తా," అంటూ దిగింది.

ఆమె వెంట ఇంకో ఆరుగురు దిగారు. నేను తాళంచెవి తిరిగి ఇచ్చేశాను. ఆటో వెనకాలే స్కూటీ మీద వెళ్లాను. కాలవ మలుపులో ఒక్క కాలు కూడా బయటికి వేలాడలేదు. చేను దగ్గర మొదటివాళ్లు గట్టు మీద చేరి సద్ది విప్పారు. రెండో ట్రిప్పు వచ్చేదాకా ఒక్కరు కూడా సాల్లో అడుగు పెట్టలేదు. పెద్దామె వచ్చి తన చోట నిలబడగానే పద్నాలుగు మందీ ఒకేసారి వంగారు. నేను పట్టలేని సంతోషంతో పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను. వాళ్లు నన్ను చూసి నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను.

నాలుగు రోజులకు పక్క చేను రైతు మా వాకిట్లోకి వచ్చి గొంతు చించుకున్నాడు.

"ఏందమ్మా నువ్వు చేసిన పని? మా గుంపోళ్లు గూడా రెండు ట్రిప్పులైతేనే వస్తామంటాండారు. ఒక్కరన్నా చెక్క మీద కూచుంటే గదా! అంతా నువ్వే చెడగొట్టినావంట!"

"అవునన్నా, నేనే," అన్నాను. నా జన్మలో ఏ తప్పూ ఇంత సంబరంగా ఒప్పుకోలేదు.